నెత్తిమీది కేకు

గిన్నెలు కడిగిన నీళ్ళు క్లెమెన్షియా ఎప్పుడూ రోడ్డు మీదికే పారబోసేది. అదీ ఉర్సులా అటుగా నడిచి వస్తున్నప్పుడే. కారియాకూ దీవిలో ఏరు లేదు, కాలవ లేదు. కప్పు మీద పడి తొట్టిలోకి దిగిన వాననీళ్ళే ఏడాదంతా గతి. అలాంటి చోట మిరపమొక్కలకు పోయవలసిన నీళ్ళను ఒక మనిషి పాదాల ముందు పారబోసిందంటే ఆ కసి ఎంతటిదో లెస్టేర్ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉర్సులా కూడా తక్కువది కాదు. తడవని చోటు చూసుకుని అడుగు వేసి, "పాపం, గిన్నె చేతిలో నిలవటం లేదు. వయసు మీద పడుతోంది కదా," అని పక్కింటి కంచెతో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయేది. ఇద్దరిదీ ఒకే వయసు.

ఈ పగ ఒక కేకు దగ్గర మొదలైంది.

క్లెమెన్షియా పెళ్ళినాడు ఆమె కేకును మేనత్త నెత్తిన పెట్టుకుంది. పెళ్ళికొడుకు బెర్టిల్ వాళ్ళు, ఊళ్ళో బాగా ఆడగల పిల్ల అని, తమ కేకు ఎత్తటానికి ఉర్సులాను పిలిపించారు. చర్చిలో ప్రమాణాలయ్యాక రెండిళ్ళ కేకులూ అలా ఆడవాళ్ళ నెత్తికెక్కి, ఫిడేలూ డోలూ వెంట రాగా, దారులు కలిసే చోట ఎదురుపడి ఆడాలి. వాళ్ళ ముందు జెండాలు పట్టిన మగవాళ్ళు ఒకరి జెండాను ఒకరు వంచాలని చూస్తుంటారు. చివరకు వంగేది ఆడపెళ్ళివారి జెండాయే, అది ముందే తెలిసిన సంగతి. ఎంతసేపు వంగకుండా నిలిచారు, ఎంత బింకంగా నిలిచారు అన్నదాన్ని బట్టే ఆ పిల్లకు అత్తింట్లో విలువ. జెండా వంగినా కేకు మోసే మనిషి మోకాలు వంగకూడదు. పెళ్ళికూతురి కేకు నేల పడితే కాపురం నిలవదంటారు. పెళ్ళికొడుకు కేకు పడితే ఆ ఇంట్లో అత్త మాట చెల్లదంటారు.

ఆ రోజు ఆట మంచి ఊపులో ఉండగా ఉర్సులా భుజం వచ్చి మేనత్త భుజానికి కొట్టుకుంది. క్లెమెన్షియా కేకు మట్టిలో పడి రెండు చెక్కలైంది. ఇంతలో ఎవరివో కోళ్ళు వచ్చి కేకులోని ఎండుద్రాక్షలు ఏరుకోవటం మొదలుపెట్టాయి. రమ్ములో నానిన ద్రాక్షలవి. కాసేపటికి కోళ్ళు తూలాయి. జనం నవ్వారు. ఆ నవ్వు క్లెమెన్షియా చెవిలో ఉండిపోయింది.

మరుసటి ఏడు బెర్టిల్ అరూబాలో చమురు కర్మాగారం పనికి ఓడెక్కాడు. మొదట ఉత్తరాలు వచ్చాయి, తరవాత పండగలకు కబుర్లు వచ్చాయి, ఆ తరవాత అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడన్న వార్త వచ్చింది. అప్పటికి కూతురు వెర్లిన్ పాకుతోంది. బెర్టిల్ మీద కోపం తీర్చుకోవాలంటే అరూబా దాకా పోవాలి. ఉర్సులా అయితే మూడిళ్ళ అవతలే ఉంది.

క్లెమెన్షియా పెరట్లో రాతిపొయ్యి కట్టుకుని రొట్టెలు కాల్చింది. కూతుర్ని ఒంటిచేత్తో పెంచింది. పిల్లకు జ్వరం వస్తే చిన్న అద్దం ముక్క తెచ్చి ముక్కు కింద పెట్టి, ఆవిరి పడుతోందో లేదో చూసేది. పడిన ఆవిరిని తుడిచి మళ్ళీ పెట్టేది. ఆవిరి పడ్డా నమ్మేది కాదు, తన ఊపిరే తగిలిందేమోనని మొహం పక్కకు తిప్పుకుని ఇంకోసారి పెట్టేది. రొట్టెల మీద వచ్చింది చాలక పెళ్ళికేకులు పట్టింది. చేసిన కేకును ఇంకొకరి నెత్తిన పెట్టటం ఇష్టంలేక తనే మోయటం నేర్చుకుంది. చుట్టకుదురు మీద రాయి పెట్టుకుని గట్టెక్కి దిగేది, రాయి మీద ఇంకో రాయి పెట్టుకుని పొయ్యి చుట్టూ ఆడేది. ఆమె నెత్తి మీంచి ఏనాడూ కేకు పడలేదు. ఎదుటివాళ్ళ కేకులు మాత్రం రెండు మూడు పడ్డాయి. ఆమె తోసిందని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు.

అలాంటి ఇంట్లో ఒక పొద్దున వెర్లిన్ పిండి పిసుకుతూ అంది.

"అమ్మా, సెల్విన్ నన్ను అడిగాడు."

"ఏం అడిగాడు? రొట్టా?"

"అమ్మా."

సెల్విన్ ఉర్సులా ఒక్కగానొక్క కొడుకు. పడవలు కట్టే వడ్రంగి. క్లెమెన్షియా పిండి ముద్దను బల్ల మీద వేసి కొట్టింది. ఆ ముద్ద ఎవరో వెర్లిన్‌కి అర్థమైంది.

"దీవిలో మగాళ్ళు లేరా? పడవల్లో బయటికి పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళలో కూడా నీకు ఆ ఇల్లే దొరికిందా?"

"నేను ఇంటిని చేసుకోవటం లేదు. అతన్ని చేసుకుంటున్నాను."

"ఆ మాట నేనూ అన్నాను, మీ నాన్నప్పుడు."

వారం రోజులు తల్లీ కూతుళ్ళ మధ్య పిండీ ఉప్పూ తప్ప మరో మాట లేదు. చివరకు క్లెమెన్షియా ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"నీ కేకు నేనే ఎత్తుతాను. వాళ్ళది ఆ ఉర్సులాయే ఎత్తాలి. ఇంకొకరిని పంపితే కుదరదని చెప్పు."

వెర్లిన్ మొహంలో రంగు మారింది. "నువ్వు ఆవిడ కేకు పడగొడతావు."

"నేనెందుకు పడగొడతాను? అదే పడుతుంది. పడితే దాని పెత్తనం కూడా దానితో పడుతుంది. నువ్వు ఆ ఇంట్లో దొరసానిలా ఉంటావు."

"పెత్తనం కేకులో ఉండదమ్మా. ఎవరి నడుముకి తాళంచెవులు ఉంటే వాళ్ళకి ఉంటుంది. ఆవిడ పొయ్యి మీద నేను వండాలి. ఆవిడ తొట్టిలో నీళ్ళు తోడుకోవాలి. ఊరంతా చూస్తుండగా ఆవిడ కేకు నువ్వు పడగొడితే ఆ పొయ్యి దగ్గర ఆవిడ మొహం రోజూ చూసేది ఎవరు? నీకేం, నువ్విక్కడ రొట్టెలు కాల్చుకుంటూ హాయిగా ఉంటావు. నీ పగతో కాపురం చెయ్యాల్సింది నేను."

క్లెమెన్షియా పొయ్యి నోటికి రేకు అడ్డం పెట్టి, పని ఉన్నట్టు లోపలికి పోయింది.

కేకు పని ఆ మరునాడే మొదలైంది. ఎండుద్రాక్షలూ ఎండు రేగులూ సన్నగా తరిగి, జాడీలో వేసి, జాక్ పోసింది. జాక్ అంటే ఆ దీవి రమ్ము. మంచుముక్క వేస్తే తేలదు, మునుగుతుంది, నీళ్ళకంటే మంచుకంటే కూడా తేలికైన సరుకు అది. చక్కెరను నల్లబడేదాకా కాచి, చేదెక్కబోయే ముందు నీళ్ళు చల్లి దించింది. ఒక్క ఊపిరి ఆలస్యమైతే ఆ చేదు కేకంతా పాకుతుంది. కాల్చి తీశాక ఆ కేకు రంగు తారులా ఉంది, బరువు పసిపిల్లంత ఉంది. గుడ్డులోని తెల్లసొనా చక్కెరా గిలకొట్టి పైన పూసిన తొడుగు ఆరి సుద్దలా గట్టిపడింది.

ఆ తొడుగు మీద ఆకులూ తీగలూ వెయ్యటం ఎప్పుడూ వెర్లిన్ పని. తెల్లసొన ముద్ద నింపిన కాగితం పొట్లం కొనను సన్నగా కత్తిరించి, నొక్కుతూ లాగుతూ ఆకు వేస్తుంది. పిల్లది ఎడమచేతి వాటం. అందుకని ఆమె ఆకుల కొసలన్నీ మిగతావాళ్ళ ఆకుల్లా కాక అవతలివైపుకు వాలి ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు కేకు చూడగానే, "ఇవి వెర్లిన్ ఆకులు," అనేవాళ్ళు. ఈసారి మాత్రం ఆమె పొట్లం ముట్టుకోలేదు.

"నువ్వే వేసుకో అమ్మా. పెళ్ళికూతురు తన కేకు తాకకూడదట."

అలాంటి ఆచారం క్లెమెన్షియా ఎన్నడూ వినలేదు. కానీ తన కుడిచేత్తో తనే వేసుకుంది. సాయంత్రాలు కూతురు దర్జీ ఇంటికని వెళ్ళి ఆలస్యంగా వస్తున్నా పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా మెడ మీద ఉంది. మెడకి కొబ్బరినూనె రాసి, రాళ్ళు ఎత్తి, భుజం ఏ వేగంతో తిప్పితే ఎదుటి మనిషికి ఎక్కడ తగులుతుందో పొయ్యి గోడతో కొలుచుకుంది.

పెళ్ళి ముందురోజు పెరటినిండా పొయ్యిలు వెలిశాయి. రాళ్ళ మీద డేగిసాలు, వాటిలో పచ్చికందులు, గొర్రెమాంసం, మొక్కజొన్న సంకటి. సంకటిని ఆడవాళ్ళు తెడ్లతో గిలకొట్టి ముద్దలు చుడుతున్నారు. ఒక పక్కన చిన్న కుండలో చచ్చిపోయిన పెద్దల కోసం వేరుగా వండుతున్నారు. పెద్దలకు ఉప్పు పనికిరాదు. ఉప్పు తగిలితే వాళ్ళు పళ్ళెం దగ్గరికి రారు.

మగపెళ్ళివారి వంతు గొర్రెను తోలుకుని ఉర్సులా వచ్చింది. వచ్చిన మనిషి ఊరుకోకుండా ఆ చిన్న కుండలోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పు లేదేం వదినా? మమ్మల్ని కూడా పోయినవాళ్ళలో కలిపేశావా?"

"అది పెద్దల పళ్ళేనికి. నువ్వు తినాల్సింది ఇటుంది." క్లెమెన్షియా తెడ్డు ఆపలేదు. "కావాలంటే రేపు నీకూ అందులోంచే వడ్డిస్తాను. సంతోషంగా వడ్డిస్తాను."

"నీ చేతి వంటకి ఆ తేడా తెలియదులే. చచ్చినవాళ్ళు కాబట్టి ఏమీ అనకుండా తింటున్నారు."

"రేపు కేకు ఎత్తుతున్నావుగా? మెడ జాగ్రత్త."

ఉర్సులా చెయ్యి దానంతట అదే మెడ వెనక్కి పోబోయి ఆగింది. "నా మెడకేం. నీ కేకు సంగతి చూసుకో. మీ ఇంటి కేకులకి నేలంటే మహా ఇష్టం."

పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు తలలు వంచుకుని మరీ శ్రద్ధగా సంకటి చుట్టారు. క్లెమెన్షియా తమ్ముడు ఫిట్జీ, మర్నాడు ఆడపెళ్ళివారి జెండా పట్టవలసినవాడు, కట్టెలు చీలుస్తూ గొణిగాడు.

"అక్కా, దాన్ని రేపు పడగొట్టకపోతే నేను నీ ఇంట్లో రొట్టె ముట్టను."

"నువ్వు మానేస్తే నాకు పిండి మిగులుతుంది," అంది క్లెమెన్షియా. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పెళ్ళినాడు చర్చి నుంచి రాగానే ఆమె చుట్టకుదురు పెట్టుకుంది. ఇద్దరు పట్టి పళ్ళేన్ని నెత్తికి ఎక్కించారు. మెడలో ప్రతి ఎముకా తన చోటు తను చూసుకుని సర్దుకుంది. ఫిట్జీ ఎర్రజెండా ఎత్తాడు. వెర్లిన్ తెల్లగౌనులో, సెల్విన్ చెయ్యి పట్టుకుని వెనక నడుస్తోంది. ఆమె కళ్ళు భర్త మీద లేవు, తల్లి వీపు మీద ఉన్నాయి.

దారులు కలిసే చోట ఉర్సులా ఎదురైంది. ఊదారంగు పట్టుగౌను, నెత్తిన రెండంతస్తుల తెల్లటి కేకు. క్లెమెన్షియా కేకు కంటే జానెడు ఎత్తు ఎక్కువ. ఆమె ముందు నీలిజెండా రెపరెపలాడుతోంది.

"వియ్యపురాలికి దణ్ణం," అంది ఉర్సులా. "అంత చిన్న కేకు చేశావేం? పిండి అరువు కావాలంటే అడగకపోయావా?"

"పెద్దది నువ్వు తెచ్చావుగా. అది పడ్డాక చీపురుతో ఎత్తుకునే శ్రమ నీది, నాకెందుకు అనుకున్నాను."

డోలు అందుకుంది. ఇద్దరూ చేతులు నడుం మీద పెట్టుకుని కదిలారు. జెండాలు పైన ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఆటలో క్లెమెన్షియా ముందుకు వస్తే ఉర్సులా పక్కకు తప్పుకుంది. ఉర్సులా చుట్టి వస్తే క్లెమెన్షియా గిర్రున తిరిగింది. రెండు వైపుల జనం మాటలు విసురుకుంటున్నారు. ఎవరో అరిచారు, "కోళ్ళని కట్టేశారా లేదా?" మగపెళ్ళివారు పగలబడి నవ్వారు. క్లెమెన్షియా చెవిలో ఆ పాత నవ్వు లేచింది.

అప్పుడు ఆమెకు ఒక సంగతి కనిపించింది.

బరువైన వస్తువు నెత్తిమీద ఉంటే మనిషి తిరగ్గానే అది తిరగదు, మనిషి ఆగ్గానే ఆగదు. ప్రతి మలుపులోనూ రవ్వంత వెనకబడుతుంది, ఆ వెనకబాటును మెడ మోయాలి. క్లెమెన్షియా మెడకు అది అలవాటైన బాధ. ఉర్సులా నెత్తిమీద కేకు అలా లేదు. ఆమె తిరిగితే దానితోపాటే తిరుగుతోంది, ఆగితే ఠక్కున ఆగుతోంది, టోపీలాగా. అంత ఎత్తు కేకు అలా తిరగదు.

లోపల కేకు లేదు. తెల్లసొన పూసిన ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉంది.

క్లెమెన్షియాకు ఒళ్ళంతా తేలికైపోయింది. మెడనొప్పి కూడా మాయమైంది. కేకు పడితే చప్పుడు రాదు. డబ్బా పడితే ఊరంతా మోగుతుంది. రోడ్డు మీద అది దొర్లుతూ పోతుంటే ఉర్సులా దాని వెనక పరిగెత్తుతుంది. వచ్చే కార్నివాల్‌కి పిల్లలు డబ్బాలు నెత్తిన పెట్టుకుని ఆ ఇంటి ముందు ఆడతారు. కూతురు అడిగిన మాట గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి పోయింది. ఇది తను పడగొట్టటం కాదు, మోసం బయటపెట్టటం. ఇందులో తప్పేముంది?

ఆమె ఒక చుట్టు చుట్టి, ఎడమ భుజం దించి, పొయ్యి గోడతో కొలుచుకున్న ఆ వేగంతో లోపలికి వచ్చింది. ఉర్సులా మొహం ఎదురుగా ఉంది. ఆ మొహంలో భయం ఉంది, దాన్నీ ఆనందంగా చూసింది. చూపు పైకి పోయి తెల్లటి డబ్బా అంచు మీద నిలిచింది. అంచు చుట్టూ ఆకులున్నాయి. సన్నటి ఈనెలతో, తీర్చిదిద్దిన ఆకులు.

కొసలన్నీ అవతలివైపుకు వాలి ఉన్నాయి.

డబ్బా పడితే దాన్ని ఎవరో ఒకరు ఎత్తి చూస్తారు. చూడగానే, ఇవి వెర్లిన్ ఆకులు, అంటారు. కన్నతల్లిని ఓడించటానికి ఖాళీ డబ్బాకి సున్నం పూసిన పెళ్ళికూతురు అంటారు. ఇటువాళ్ళూ ఉమ్మేస్తారు, అటువాళ్ళూ ఉమ్మేస్తారు.

క్లెమెన్షియా ఆగింది. కాళ్ళు ఆగాయి. కేకు ఆగలేదు. అంత బరువూ ముందుకు పోతుంటే మెడలో ఏదో పుటుక్కుమంది. చెయ్యి ఎత్తితే ఓడినట్టే. పళ్ళేన్ని నిలపటానికి ఉన్న దారి ఒక్కటే. దాని కిందికి తను పోవాలి. ఆమె మోకాలు వంగింది. ఒక మోకాలు రోడ్డు మీద ఆనింది. నెత్తిమీద కేకు ఒకసారి ఊగి, సర్దుకుంది.

ఉర్సులా ఎదుట, ఊరంతా చూస్తుండగా, ఆమె మోకరిల్లి ఉంది.

మగపెళ్ళివారి వైపు ఒక్కసారి గోల లేచింది. నీలిజెండా వచ్చి ఎర్రజెండాను కిందికి నొక్కేసింది. ఫిట్జీ జెండా కర్ర పట్టుకుని, ఏం జరిగిందో తెలియక, అక్కకేసి చూస్తూ ఉండిపోయాడు. ఎవరో ముసలామె, "అయ్యో క్లెమీ," అంది. ఆ జాలికి క్లెమెన్షియా ఒళ్ళు మండింది. కేకుతోనే లేచి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. మెడ తిరగనూ లేదు.

విందు ఆమె పెరట్లోనే. పాత పడవ తెరచాప పందిరిగా కట్టి, దాని కింద కొత్తజంటకు బల్ల వేశారు. ఇద్దరికీ ఒకటే పళ్ళెం. అందులో సంకటి ముద్ద, గొర్రెమాంసం, కందులు. సెల్విన్ ఒక ముద్ద తీసి వెర్లిన్ నోటికి పెట్టాడు. ఆమె నమిలింది గానీ మింగటానికి చాలాసేపు పట్టింది. బల్లకు రెండు చివర్లా రెండు కేకులు. మగపెళ్ళివారి కేకు మీద ఉర్సులా పల్చటి గుడ్డ కప్పింది.

"ఈగలు," అంది అడిగినవాళ్ళతో. "దీన్ని లోపల పెట్టించండి. మేము మా ఇంట్లో కోసుకుని పంపిస్తాం."

ఆచారం అది కాదు. పెళ్ళికూతురి తల్లి తన కేకు కోసి అల్లుడి నోట్లో పెట్టాలి, పెళ్ళికొడుకు తల్లి తన కేకు కోసి కోడలి నోట్లో పెట్టాలి, అదీ అందరి ఎదుటా. ఫిట్జీ అప్పటికే రెండు గ్లాసుల జాక్ తాగి ఉన్నాడు. పొడవాటి కత్తి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"లోపలికెందుకు? గెలిచిన కేకు కదా. ముందు దాన్నే కోద్దాం. ఎంత గొప్పగా ఉందో మేమూ తిని చూస్తాం." గుడ్డ అంచు పట్టుకున్నాడు.

ఉర్సులా గుడ్డ అవతలి అంచు గట్టిగా పట్టుకుంది. సెల్విన్‌కి ఏమీ తెలియదు, నవ్వుతున్నాడు. వెర్లిన్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళను కుడిచేత్తో దాచుకుంది. ఆ దాచుకోవటం క్లెమెన్షియా ఒక్కతే చూసింది.

"కత్తి కింద పెట్టు ఫిట్జీ," అంది క్లెమెన్షియా.

"అక్కా..."

"పెట్టమన్నాను." ఆమె లేచి జనానికి ఎదురుగా నిలబడింది. మెడ వంకరగా బిగుసుకుపోయి ఉంది. "అందరూ వినండి. నేను మోకాలు వంచాను, చూశారు, సంతోషించారు. కానీ ఆ మనిషి చేతి కేకు నా గడపలో తెగదు. నా ఇంటి బల్ల మీద, నా కత్తితో, నా కూతురు నోట్లో దాని చెయ్యి పడటానికి నేను ఒప్పుకోను. రేపట్నుంచి అది దాని కోడలు, ఏం పెట్టుకుంటుందో పెట్టుకోనీ. ఇవాళ్టికి నా పిల్ల. ఆ డాంబికాన్ని నా ఎదట్నుంచి తీసెయ్యండి. గుడ్డ తియ్యకుండా తీసెయ్యండి, నాకు చూడబుద్ధి కావటం లేదు."

పెళ్ళి బల్ల దగ్గర వియ్యపురాలిని అలా అనటం ఆ దీవిలో ఎవరూ విని ఉండరు. మగపెళ్ళివారిలో పెద్దవాళ్ళు లేచారు. అందరూ ఉర్సులా వైపు చూశారు, ఆమె నోరు ఎలాంటిదో తెలుసు గనక. ఉర్సులా మొహం బూడిదరంగుకు తిరిగింది. నెమ్మదిగా వంగి, గుడ్డ చెదరకుండా పళ్ళేన్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఓడినమ్మ ఏడుపు," అంది. "పోనీలెండి. కూర్చోండి, తినండి." అని దాన్ని ఇంట్లోకి మోసుకుపోయింది. బరువు మోస్తున్నట్టు కాళ్ళు ఈడ్చుకుంటూ పోయింది.

క్లెమెన్షియా తన కేకు కోసి అల్లుడి నోట్లో పెట్టింది. సెల్విన్ నములుతూ, "బాగుంది అత్తా," అన్నాడు భయం భయంగా.

"బాగుండక ఏం చేస్తుంది," అంది ఆమె.

కాసేపటికి చల్లారిన రాతిపొయ్యి వెనక ఆమె మెడకు తడిగుడ్డ చుట్టుకుంటుంటే ఉర్సులా వచ్చి నిలబడింది.

"నీకు తెలిసింది."

"నాకు మెడ ఉంది. అందుకని తెలిసింది."

"నాకు లేదు." ఉర్సులా పొయ్యి గోడకు ఆనుకుంది. "నీ పెళ్ళినాడు నేను మోసింది నిజం కేకే. తిరుగుతుంటే మెడ పట్టేసింది, కాలు తూలి మీ అత్త మీద పడ్డాను. ఆ రోజు నుంచీ దిండు మీద తల పెట్టి పడుకోలేను. కేకు ఎత్తలేనని చెప్పుకుంటే నన్నెవరు పిలుస్తారు? అందుకే అప్పట్నుంచీ డబ్బా. కోసే వేళకి లోపల అసలు కేకు మార్చిపెట్టేదాన్ని, నీ ఇంట్లో అది కుదరలేదు."

"అబద్ధం."

"నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో. నేను నిన్ను బతిమాలటానికి రాలేదు."

"మరెందుకొచ్చావు?"

"పిల్లని ఏమీ అనకు. నా చెయ్యి వణుకుతుంది, ఆకులు వెయ్యలేను. నేనే అడిగాను. 'బరువు లేకపోతే మీరు మా అమ్మకి దొరక్కుండా తప్పుకోగలరు, ఎవరి కేకూ పడదు,' అని వేసింది. నిన్ను ఓడించటానికి కాదు."

క్లెమెన్షియాకు ఈ మాట డబ్బా కంటే ఎక్కువ గుచ్చుకుంది. కూతురు దర్జీ ఇంటికని వెళ్ళిన సాయంత్రాలన్నీ ఈ మనిషి వంటింట్లో కూర్చుందన్నమాట. తన దగ్గర నేర్చిన చేత్తో, తన నుంచి కాపాడటానికి.

"నా కూతుర్ని ఏమనాలో నువ్వు నేర్పక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకో. అది నీ పొయ్యి దగ్గర ఒక్క కన్నీటిబొట్టు రాల్చిందని తెలిసిందా, ఆ డబ్బా సంగతి చర్చి మెట్ల మీద చెబుతాను."

"అప్పుడు దాని ఆకుల సంగతి కూడా చెప్పాల్సొస్తుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో స్నేహం ఏ మూలా లేదు.

"పో," అంది క్లెమెన్షియా. "నిన్ను నా పొయ్యి వెనక ఎవరైనా చూస్తే రాజీపడ్డామనుకుంటారు."

మర్నాడు ఉదయం వెర్లిన్ వచ్చింది, చేతిలో అరిటాకు పొట్లం. అందులో అత్తగారు కాల్చి దాచిన అసలు కేకు ముక్క. క్లెమెన్షియా మెడకు గుడ్డ చుట్టుకుని, అంట్లు తోముతూ ఉంది. వెర్లిన్ పొట్లం బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మా, నీకెప్పుడు తెలిసింది?"

"ఆకులు చూసినప్పుడు."

"నువ్వు పడగొడతావనే వేశాను."

"పడగొట్టేదాన్నే." క్లెమెన్షియా గిన్నె బోర్లించింది. "కొసలు మరీ వాల్చేస్తున్నావు. పొట్లం నిటారుగా పట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను?"

వెర్లిన్ కళ్ళు తుడుచుకుంది. తల్లి పొట్లం విప్పి, ముక్క తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

"లవంగం ఎక్కువైంది. నేనన్నానని చెప్పు."

"చెబుతాను."

రోడ్డు మీద ఉర్సులా నిలబడి ఉంది. లోపలికి రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. వెర్లిన్ వెళ్ళి ఆమె పక్కన చేరింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. క్లెమెన్షియా అంట్లు తోమిన నీళ్ళ గిన్నె రెండు చేతులా ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఉర్సులా ఆ అలికిడి విని అలవాటు ప్రకారం పాదం పక్కకు తీసుకుంది. కానీ ఆమె నడుస్తున్నది రోడ్డు అవతలి అంచున. ఇవతల, ఆమెకూ ఈ గుమ్మానికీ మధ్య, వెర్లిన్ నడుస్తోంది.

క్లెమెన్షియా గిన్నె పట్టుకుని, వాళ్ళు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. తరవాత పెరట్లోకి పోయి, తిట్టుకుంటూ, ఆ నీళ్ళు మిరపమొక్కలకు పోసింది.